త్రాసులో రెండో పళ్ళెం

కాకి వచ్చి వాలడమూ తాటిపండు రాలిపడడమూ ఒకే క్షణంలో జరిగితే, కాకి వాలినందువల్లనే పండు రాలిందని తోచడం మానవ సహజం. దీనిని మన పూర్వులు కాకతాళీయం అన్నారు. మాట చిన్నదే కాని, వైద్యంలో, అందులోనూ మానని పుండ్లకు చేసే వైద్యంలో, ఈ కాకికి చాలా వెల పలుకుతోంది. ఆ వెల చెల్లిస్తున్నది ఎక్కువగా మధుమేహంతో పాదం పుండు పడినవారూ, వారి కుటుంబాలూను. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

మొదట ఒక సంగతి గుర్తుంచుకోవాలి. శరీరానికి తగిలిన గాయాన్ని శరీరమే మాన్పుకుంటుంది. రక్తం గడ్డకట్టడం, వాపు రావడం, కొత్త కండ పుట్టడం, దాని మీదికి అంచుల నుంచి చర్మం పాకడం, చివరకు మచ్చ గట్టిపడడం, ఇవేవీ వైద్యుడి ఆజ్ఞ కోసం ఎదురుచూడవు. ఈ పనికి అడ్డువచ్చేవాటిని తొలగించడమే వైద్యుడి కర్తవ్యం. కుళ్ళిన కండను కోసివేస్తాడు, చీమును వెలికి తీస్తాడు, రక్తప్రసారం తగ్గి ఉంటే దాన్ని సరిచేయిస్తాడు, పుండు మీద బరువు పడకుండా చూస్తాడు, రక్తంలో చక్కెరను అదుపులోకి తెస్తాడు. తక్కిన పని ప్రకృతిది. ఇందువల్ల ఒక చిక్కు వచ్చిపడుతుంది. పుండు మీద పసుపు పెట్టినా, తేనె రాసినా, విదేశాల నుంచి తెప్పించిన యంత్రాన్ని బిగించినా, వాటిలో కొన్ని పుండ్లు ఎలాగూ మానతాయి. మానిన ప్రతిసారీ ఘనత మాత్రం చిట్టచివర పెట్టిన వస్తువుకే దక్కుతుంది.

ఆ 'కొన్ని' ఎన్నో అంచనా కట్టినవారున్నారు. మధుమేహం వల్ల స్పర్శ పోయిన పాదాలలో పుట్టే పుండ్లపై జరిగిన పరీక్షలలో, కొత్త మందూ కొత్త పరికరమూ ఏదీ అందక మామూలు చికిత్స మాత్రమే పొందినవారి లెక్కలన్నీ డేవిడ్ మార్గోలిస్ బృందం పోగుచేసి 1999లో ప్రచురించింది. వారిలో 12 వారాలకు సుమారు 24 శాతం మందికి, 20 వారాలకు సుమారు 31 శాతం మందికి పుండు పూర్తిగా మానింది. ఈ అంకెలో రెండు అర్థాలున్నాయి. నూటికి డెబ్భై మందికి అయిదు నెలలు గడిచినా పుండు మానకపోవడం మొదటిది. నిరాశా, దాని వెంటనే అంగడీ పుట్టుకొచ్చేది అక్కడే. ఏ గుణమూ లేని పరికరాన్ని తగిలించినా, మూడు నెలలలో నలుగురిలో ఒకరి చేత 'దీనివల్లనే నాకు నయమైంది' అనిపించవచ్చునన్నది రెండవది. ఆ ఒక్కరి పాదం ఫోటో, ముందూ వెనుకా పక్కపక్కన పెట్టినది, ప్రకటనకు చాలు.

త్రాసుకు పళ్ళాలు రెండు. పరికరం వాడినవారి ఫలితం ఒకదానిలో ఉంటే, అటువంటి పుండే ఉండి, పరికరం తప్ప తక్కిన చికిత్స అంతా సక్రమంగా అందినవారి ఫలితం రెండోదానిలో ఉండాలి. రెండో పళ్ళెం చూడకుండా బరువు చెప్పేవాడి దగ్గర మనం కూరగాయలు కూడా కొనం. మరి కాలు నిలబడుతుందో పోతుందో తేలే చోట ఒక్క పళ్ళెం చూసి ఎందుకు సమాధానపడుతున్నాం?

ఒక పరికరం కథ చూద్దాం. ఆసుపత్రులలో దీనిని వ్యాక్ మెషిన్ అంటారు. రుణపీడన చికిత్స అనడం శాస్త్రీయం. పుండు ఆకారానికి కత్తిరించిన స్పాంజిని అందులో అమర్చి, పైన గాలి చొరబడని పలుచని పారదర్శకపు పొర అంటించి, దానికొక గొట్టం తగిలించి, ఒక పంపుతో గాలిని లాగుతారు. లోపలి పీడనం సాధారణంగా బయటి గాలి కంటే 125 మిల్లీమీటర్ల పాదరసమంత తక్కువగా ఉంచుతారు. పుండులో ఊరే నీరు గొట్టం వెంట పోయి డబ్బాలో చేరుతుంది, అంచులు దగ్గరికి లాగబడతాయి, కట్టు రోజూ మార్చే బాధ తప్పుతుంది. అమెరికాలోని నార్త్ కరొలైనాలో, వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ ఆర్జెంటా, మైకేల్ మొరిక్వాస్ 1997లో దీనిపై ప్రచురించిన వ్యాసాలతో ఈ పద్ధతి లోకమంతా వ్యాపించింది. పందుల మీద చేసిన ప్రయోగాలలో రక్తప్రసారమూ కొత్త కండ పుట్టే వేగమూ పెరిగాయని వారు చూపారు. మనుషులలో 300 గాయాలకు దీన్ని వాడితే 296 గాయాలు అనుకూలంగా స్పందించాయని రాశారు.

300కు 296! చదివినవారికి ఇంకేం కావాలనిపిస్తుంది. అయితే ఆ వ్యాసంలో ఉన్నది ఒక్క పళ్ళెమే. ఆ గాయాలన్నీ ఒక రకానివీ కావు. దీర్ఘకాలపు పుండ్లు, కొద్దిరోజులనాటివి, అప్పుడే తగిలినవి అన్నీ అందులో ఉన్నాయి. పైగా 'అనుకూలంగా స్పందించడం' వేరు, 'మానడం' వేరు. పుండు కొంచెం చిన్నదైనా, అడుగున ఎర్రటి కండ కనిపించినా అనుకూలమే అనవచ్చు. రోగి కోరేది అది కాదు గదా. పుండు మూసుకుపోయి, మళ్ళీ తెరుచుకోకుండా, చెప్పు వేసుకుని నడవగలగాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో మెచ్చుకోదగినవి. చర్మం పూర్తిగా కప్పుకుని, నీరు కారక, కట్టు అవసరం లేక ఉండాలి. రెండు వారాల వ్యవధిలో రెండుసార్లు చూసినప్పుడూ అలాగే ఉండాలి. అప్పుడే పూర్తిగా మానినట్టు లెక్క. ఏ పరికరం గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా, వారు మానడాన్ని కొలిచారా, తగ్గడాన్ని కొలిచారా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న.

రెండో పళ్ళెం పెట్టి తూచిన పరీక్షలు తరువాత వచ్చాయి. ఇటువంటి పరీక్షలో ఎవరికి పరికరం, ఎవరికి మామూలు కట్టు అన్నది వైద్యుడూ నిర్ణయించడు, రోగీ నిర్ణయించడు. చీటీ వేసినట్టుగా కేవలం యాదృచ్ఛికంగా తేలుతుంది. అలా తేలితేనే రెండు పక్షాలూ మొదట్లో సమానంగా ఉంటాయి. డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్, లారెన్స్ లావెరీ 2005లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పరీక్షలో 162 మంది పాల్గొన్నారు. అందరూ మధుమేహం వల్ల పాదంలో కొంతభాగం తీసివేయబడినవారే. యంత్రం వాడినవారిలో 56 శాతం మందికీ, మామూలు కట్లు కట్టినవారిలో 39 శాతం మందికీ గాయం మానింది. 2008లో పీటర్ బ్లూమ్ బృందం మధుమేహపు పాదం పుండ్లున్న 342 మందితో చేసిన పరీక్షలో ఈ అంకెలు 43, 29 శాతాలు. రెండు పరీక్షలలోనూ యంత్రం పళ్ళెమే మొగ్గింది. ఇది కాదనలేని సంగతి.

అయితే ఈ రెండింటికీ ఖర్చు భరించింది ఆ యంత్రాన్ని తయారుచేసే సంస్థే. అందువల్ల అవి అబద్ధమనను. కొత్త పరికరానికి పరీక్ష జరగాలంటే ఎవరో ఒకరు డబ్బు పెట్టక తప్పదు. చూడవలసిన విషయం మరొకటి ఉంది. మాత్రల పరీక్షలో ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చేయవచ్చు. గుర్రుమంటూ నడిచే పంపును దాచడం అంత సులువు కాదు. తన రోగి కాలికి యంత్రం ఉందని తెలిసిన వైద్యుడు, ఆ పుండును మరికొంత శ్రద్ధగా శుభ్రం చేయవచ్చు. మరికొంత ముందుగా శస్త్రచికిత్సతో మూసేయవచ్చు. మానిందా లేదా అన్న సందిగ్ధం వస్తే ఉదారంగా మార్కులు వేయవచ్చు. ఇదంతా మోసం చేయాలన్న తలంపు లేకుండానే జరిగిపోతుంది. పుండును కొలిచేవారికైనా ఎవరిది ఏ పక్షమో తెలియకుండా చేయడం ఇందుకే అవసరం.

దీనికంటె పెద్ద చిక్కు, తూచి కూడా బరువు బయటపెట్టకపోవడం. జర్మనీలో వైద్యచికిత్సల విలువను నిగ్గుతేల్చే ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థ ఒకటుంది. దాని పొట్టిపేరు ఇక్విగ్. అక్కడి పరిశోధకులు ఈ యంత్రంపై మొదలైన పరీక్షలన్నిటి ఆచూకీ తీసి 2008లో ఒక వ్యాసం ప్రచురించారు. ముగిసినవీ మధ్యలో ఆగిపోయినవీ కలిపి 19 పరీక్షలుంటే, అందులో 9 పరీక్షల ఫలితాలు వెలుగు చూడనే లేదు. ప్రచురితమైనవాటిలో లెక్కకు వచ్చినవారు 495 మంది. ప్రచురణకు నోచుకోని పరీక్షలలో చేర్చుకోదలచినవారు 1154 మంది. న్యాయస్థానంలో ఒక పక్షం సాక్షులను మాత్రమే పిలిచి, తక్కినవారిని గుమ్మం బయటే నిలబెట్టి చెప్పిన తీర్పును ఎంతవరకు నమ్మగలం? ఆ పరీక్షలకు తమ శరీరాలను అప్పగించినవారు కూడా, తమ బాధ ఇతరులకు ఉపయోగపడుతుందన్న నమ్మకంతోనే ఒప్పుకుని ఉంటారు. ఫలితం దాచడం వారిపట్ల కూడా అన్యాయమే.

2011, 2014 సంవత్సరాల మధ్య జర్మనీలో మరొక పెద్ద పరీక్ష జరిగింది. మధుమేహపు పాదం గాయాలున్న 368 మందిని, ఎంపికచేసిన పరిశోధనాలయాలలో కాక రోజువారీ వైద్యం జరిగే ఆసుపత్రులలోనూ ఇళ్ళ దగ్గరా అనుసరించారు. 2020లో ఫలితాలు వచ్చాయి. 16 వారాలలో గాయం పూర్తిగా మూసుకున్నది యంత్రం పక్షాన 171 మందిలో 25 మందికి, మామూలు కట్ల పక్షాన 174 మందిలో 21 మందికి. శాతాలలో 14.6, 12.1. ఈ మాత్రం తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. ఈ పరీక్షలోనూ లోపాలున్నాయి. చాలామంది అనుకున్న ప్రకారం చికిత్స పూర్తిచేయలేదు. అయితే నిత్యజీవితంలో యంత్రం గతి కూడా అదే కాదా? పంపు ఆగిపోవడం, పొర ఊడిపోవడం, ఇంటికి వచ్చి కట్టు మార్చేవారు దొరకకపోవడం పరీక్షలోనే కాదు, మన వీధిలోనూ జరుగుతాయి. నాకు ఇంతకంటె ముఖ్యమనిపించినది వేరు. రెండు పక్షాలూ కలిపి చూస్తే మానినవారు ఏడుగురిలో ఒకరైనా సరిగా లేరు. అంటే లోటు యంత్రం దగ్గర కాక, యంత్రానికి అడుగున ఉండవలసిన మామూలు చికిత్స దగ్గరే ఉందేమో అన్న అనుమానం కలుగుతుంది. ఆ విషయానికి మళ్ళీ వస్తాను.

ఇవన్నీ చూసి యంత్రం బూటకమని తేల్చేయడం కూడా తొందరపాటే. మధుమేహపు పాదంపై అంతర్జాతీయ నిపుణుల కార్యవర్గం 2023లో ఇచ్చిన సూచన నాకు సబబుగా తోచింది. శస్త్రచికిత్స తరువాత మిగిలిన పాదం గాయాలకు, తక్కిన చికిత్సకు తోడుగా ఈ యంత్రాన్ని పరిశీలించవచ్చు. శస్త్రచికిత్సతో సంబంధం లేని మామూలు పుండ్లకు వాడవద్దు. యంత్రం ఒకటే, సాక్ష్యం మాత్రం గాయాన్ని బట్టి మారుతుంది. ఒకచోట రుజువైన గుణాన్ని మరొకచోటికి అరువు తెచ్చుకోకూడదు. ఎముక విరిగి బయటకు వచ్చిన కాలి గాయాలకు ఇదే పద్ధతి మేలని చాలాకాలం అనుకున్నారు. బ్రిటన్‌లో 460 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది తరువాత ఆ రోగుల నడకలోనూ పనిలోనూ, లోతుగా చీము పట్టడంలోనూ చెప్పుకోదగిన తేడా ఏదీ కనిపించలేదు.

'ఇది ఎలా పనిచేస్తుందో శాస్త్రీయంగా తెలుసు' అన్న మాట అమ్మకందారులు తరచు చెబుతారు. ఎలా పనిచేయవచ్చునో చెప్పడం సులభం. పనిచేసిందని చూపడమే కష్టం. వెండికి సూక్ష్మజీవులను చంపే శక్తి ఉందన్నది నిజం. కాని వెండి కలిపిన కట్లను కాలి సిరల పుండ్లున్న 213 మందిపై బ్రిటన్‌లో పరీక్షించి 2009లో ఫలితం ప్రకటించారు. 12 వారాలకు మానినవారు వెండితో సుమారు 60 శాతం, వెండి లేకుండా సుమారు 57 శాతం. అతిధ్వని తరంగాలు కణాలను ఉత్తేజపరుస్తాయన్నారు. మొండి పుండ్లున్న 337 మందిపై జరిపి 2011లో ప్రచురించిన పరీక్షలో ప్రయోజనం కనబడలేదు. ప్రాణవాయువు లేనిదే కండ పుట్టదు కాబట్టి, రోగిని ఒత్తిడి పెంచిన గదిలో కూర్చోబెట్టి ప్రాణవాయువు పీల్పించడం మరొక పద్ధతి. స్వీడన్‌లో 94 మందిపై జరిగిన పరీక్షలో ఏడాది తిరిగేసరికి 52 శాతం మందికీ, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 29 శాతం మందికీ పుండు మానిందని 2010లో రాశారు. కెనడాలో 103 మందిపై చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో, 12 వారాలకు ప్రాణవాయువు పక్షాన 20 శాతం, ఉత్తుత్తి పక్షాన 22 శాతం. రెండూ జాగ్రత్తగా చేసినవే. ఒక్క పరీక్షతో పండుగ చేసుకోరాదనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

ఉత్తుత్తి గదిని కూడా ఏర్పాటుచేయగలిగారంటే, 'పుండ్ల విషయంలో కళ్ళకు గంతలు కట్టే పరీక్షలు సాధ్యం కావు' అన్న సాకు నిలబడదు. 2018లో ప్రచురితమైన మరొక పరీక్ష కూడా దీనికి సాక్ష్యం. సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ అనే పదార్థం కలిపిన కట్టును, చూడడానికి అచ్చం అలాగే ఉండి ఆ పదార్థం లేని కట్టుతో, యూరప్‌లో 240 మందిపై పోల్చారు. ఎవరికి ఏది కట్టారో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. 20 వారాలకు 48 శాతం, 30 శాతం. దీనికీ డబ్బు పెట్టింది తయారీదారే. పరీక్షను సరిగ్గా చేయాలన్న సంకల్పం ఉంటే తయారీదారు కూడా నమ్మదగిన సాక్ష్యం ఇవ్వగలడనడానికే దీన్ని చెప్పాను.

పరికరం కీడు చేయదు గదా, ప్రయత్నిస్తే పోయేదేముంది అని కొందరంటారు. అమెరికా నియంత్రణ సంస్థకు 2007 నుంచి 2011 ఆరంభం వరకు రుణపీడన యంత్రాలకు సంబంధించి 12 మరణాలూ 174 గాయాల సంఘటనలూ నివేదికలుగా అందాయి. వాటిలో అతి తీవ్రమైనది రక్తస్రావం. మరణాలలో ఎక్కువ భాగం ఇంట్లోనో దీర్ఘకాలపు సంరక్షణాలయంలోనో సంభవించాయి. వాడినవారి సంఖ్యతో పోలిస్తే ఇవి తక్కువే కావచ్చు. కాని రక్తం పల్చబడే మందులు వాడుతున్న వృద్ధుడికి యంత్రం తగిలించి ఇంటికి పంపేటప్పుడు, డబ్బాలో ఎర్రగా కనిపిస్తే ఏం చేయాలో ఆ ఇంటివారికి ఎవరైనా చెప్పారా అన్నది చిన్న ప్రశ్న కాదు. డబ్బు నష్టం సంగతి వేరే చెప్పనక్కరలేదు. యంత్రం అద్దెకూ స్పాంజికీ నగలు తాకట్టు పెట్టిన కుటుంబానికి, తరువాత కాలికి రక్తనాళం సరిచేయించవలసి వస్తే చేతిలో ఏమీ మిగలదు.

ఇప్పుడు రెండో పళ్ళెంలో ఉన్న మామూలు చికిత్స సంగతికి వస్తాను. ఈ కథ మన పొరుగు గడ్డమీదే మొదలైంది. కుష్ఠువ్యాధి వచ్చినవారి పాదాలు కుళ్ళి రాలిపోవడం ఆ వ్యాధి స్వభావమేనని లోకం నమ్మేది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్, పాదాన్ని తినేస్తున్నది స్పర్శ లేకపోవడమేనని చూపించాడు. నొప్పి తెలియనివాడు పుండు మీదే నడుస్తాడు. నడిచినకొద్దీ పుండు లోతవుతుంది. అటువంటి పాదాలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కట్టు, మనవాళ్ళు సిమెంటు కట్టు అనేది, వేసి నడిపిస్తే పుండు మానుతుందని దక్షిణ భారతంలోని కుష్ఠు వైద్యశాలలలో గ్రహించారు. కట్టు బరువును పాదమంతటా, పిక్కమీదా పంచుతుంది. పుండు ఉన్నచోట ఒత్తిడి తగ్గుతుంది. 1960లలో బ్రాండ్ అమెరికాలోని లూసియానాకు వెళ్ళినప్పుడు ఈ పద్ధతి ఆయనతో పాటే వెళ్ళి, మధుమేహ రోగుల పాదాలకు ఎక్కింది.

దీనికి సాక్ష్యం ఎలా ఉందో చూడండి. 1989లో ప్రచురితమైన పరీక్షలో కట్టు వేసిన 21 మందిలో 19 మందికి పుండు మానింది. మామూలు చికిత్స పొందిన 19 మందిలో ఆరుగురికే మానింది. 2001లో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం, అవును, పైన చెప్పిన ఆర్మ్‌స్ట్రాంగే, 63 మందిపై మూడు పద్ధతులను పోల్చింది. 12 వారాలకు మానినవారు విప్పడానికి వీలులేని కట్టుతో 89.5 శాతం, విప్పుకోగల బూటుతో 65 శాతం, సగం చెప్పుతో 58 శాతం. విప్పుకోగల బూటు ఎందుకు వెనుకబడిందో 2003లో తెలిసింది. అది ఇచ్చినవారు తమ నడకలో 28 శాతం మేరకే దాన్ని తొడుక్కుంటున్నారు. రాత్రి నీళ్ళకోసం లేచినప్పుడు ఎవరు తొడుక్కుంటారు? ఈ పరీక్షలు చిన్నవే. కాని తేడా పెద్దది, మళ్ళీ మళ్ళీ కనిపించినది. రక్తప్రసారం బాగా తగ్గిన కాలికీ, చీము పట్టిన పుండుకూ ఈ కట్టు పనికిరాదు. వేయడానికి నేర్పు కావాలి, తరచు విప్పి చూడాలి. అరికాలిపై ఒత్తిడి వల్ల పడిన పుండుకు మాత్రం, ఖరీదైన యంత్రాలలో ఏదీ ఇంతటి తేడా చూపలేదు.

మరి ఎందరు వాడుతున్నారు? అమెరికాలోనే పాదవైద్య కేంద్రాలను అడిగి 2008లో ప్రకటించిన లెక్క ప్రకారం, అరికాలి పుండ్లలో ఎక్కువ వాటికి ఈ కట్టు వేసే కేంద్రాలు నూటికి రెండు కూడా లేవు. సుద్దపొడికి ప్రతినిధి ఎవరూ ఉండరు. దానికోసం సదస్సులు జరగవు, క్యాలెండర్లు పంచరు. రోగికి కూడా అది వైద్యంలా కనిపించదు. యంత్రం గుర్రుమంటుంటే ఏదో జరుగుతున్నదన్న ధైర్యం కలుగుతుంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్న సామెత ఇక్కడ ఇద్దరికీ చెల్లుతుంది. ఆ పాలు ఎంతవరకు పడతాయో అడిగేవాడే లేడు.

నా వాదం ఇక్కడ ఉంది. పరికరాన్ని ఏ చికిత్సతో పోల్చారో చూడనిదే, అది గెలిచిందన్న మాటకు అర్థం లేదు. రెండో పళ్ళెంలో బరువు తప్పించని పాదం, కోయని కుళ్ళు, అదుపులో లేని చక్కెర ఉంటే, ఎదుట ఏది పెట్టినా మొగ్గుతుంది. మన ఊళ్ళలో చాలామంది రోగులు రోజుకొక గాజుగుడ్డ కట్టుతో, అదే పాదం మీద బస్సు దిగి నడుచుకుంటూ వస్తారు. వారి విషయంలో కావలసింది యంత్రమా, ఇంకా అందని మామూలు చికిత్సా అన్నది ముందు తేలాలి.

చట్టం ఈ పని చేసిపెడుతుందని అనుకోవడానికి లేదు. మన దేశంలో వైద్య పరికరాల నియమావళి 2017లో వచ్చి, 2018 జనవరి 1 నుంచి అమలైంది. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ దాని పరిధిలోకి వచ్చాయి. ఇది మంచి మార్పు. కాని ఇప్పటికే అనుమతి పొందిన పరికరం వంటిదే మరొకటి తెస్తే, దానికి మళ్ళీ పూర్తిస్థాయి పరీక్ష అడగడం పరిపాటి కాదు. అమెరికాలోనూ పాత పరికరానికి సమానమని చూపి అనుమతి పొందే దారే ఎక్కువగా వాడుకలో ఉంది. అనుమతి పత్రం చెప్పేది వస్తువు అమ్మదగినదని. చవకైన కట్టుకంటె బాగా పుండు మాన్పుతుందని అది చెప్పదు. ఈ రెండో మాటను అనుమతి పత్రం నోట పలికించే ప్రకటనలు చూస్తున్నాం.

'పరీక్షలంటూ కూర్చుంటే రోగి కాలు పోతుంది, అనుభవమే మాకు ప్రమాణం' అనే వైద్యుల ఆవేదన నాకు అర్థం కాకపోలేదు. అనుభవజ్ఞుడి చేయి పుండును చూసి గ్రహించేది ఏ పట్టికలోనూ దొరకదు. కాని అనుభవంలో కూడా ఒక్క పళ్ళెమే ఉంటుంది. మానినవారు పళ్ళతో వచ్చి దండం పెట్టి వెళతారు. మాననివారు మరొక ఆసుపత్రికి పోతారు. మన ప్రభుత్వ ఆసుపత్రుల శస్త్రవైద్యులు స్పాంజితో, పారదర్శకపు పొరతో, గోడకున్న పీల్చే గొట్టంతో ఈ యంత్రాన్ని చవకగా తామే తయారుచేసుకుంటున్నారు. ఆ నేర్పుకు నమస్కరించాలి. అయినా చవక కావడం కూడా రుజువు కాదు. ఉస్మానియా, గాంధీ, విశాఖ కింగ్ జార్జి వంటి బోధనాసుపత్రులు నాలుగు కలిసి, ఒకే ప్రణాళికతో, చీటీ వేసిన పద్ధతిలో, సరిగా బరువు తప్పించిన పాదానికి ఈ చవక యంత్రం అదనంగా ఏమైనా చేస్తుందా అని తూస్తే, ఆ ప్రశ్నకు జవాబు మన దగ్గరే పుడుతుంది. ఇటువంటి పరీక్షలను ముందుగా నమోదు చేసే జాతీయ పట్టిక 2007 నుంచీ ఉంది. నమోదైన పరీక్షను తరువాత దాచడం అంత తేలిక కాదు.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహులు 10 కోట్లు దాటారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల ద్వారా ఆసుపత్రి ఖర్చును ప్రజల సొమ్ముతో భరిస్తున్న చోట, ఏ పరికరానికి ఎంత చెల్లించాలో నిర్ణయించేవారు అడగవలసిన ప్రశ్నలూ ఇవే. ఏ రకం పుండుపై పరీక్షించారు? దేనితో పోల్చారు? పూర్తిగా మానడాన్ని కొలిచారా? కొలిచినవారికి ఎవరిది ఏ పక్షమో తెలుసా? ముగిసిన పరీక్షలన్నీ బయటికి వచ్చాయా? అదే డబ్బుతో ప్రతి జిల్లా ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేయడం తెలిసిన ఒక్క మనిషిని ఉంచితే ఎన్ని కాళ్ళు నిలుస్తాయి?

రోగి బంధువులు ఇన్ని అడగలేరు. వారికి ఒక్క ప్రశ్న చాలునని నా అభిప్రాయం. యంత్రం గురించి చెప్పిన వైద్యుణ్ణి వినయంగానే అడగవచ్చు: 'అయ్యా, ఈ యంత్రం లేకపోతే ఏం చేసేవారు? అది ఇప్పటికే అంతా చేశామా?' దీనికి ఓపికగా జవాబు చెప్పే వైద్యుడు యంత్రం పెట్టమంటే పెట్టించుకోవచ్చు. విసుక్కునే చోట సంతకం పెట్టేముందు, కాలికి రక్తప్రసారం ఎలా ఉందో చూపించుకుని, పాదం నేల మోపకుండా ఉండే ఏర్పాటు ఏదో మరొక వైద్యుడి దగ్గర కనుక్కోవడం మంచిది.